95 శాతం కన్వర్షన్ అన్నారు, మిగతా 5 శాతం ఎక్కడ? ట్రేడ్ మ్యాగజైన్లు ముందేసుకుని చేసిన ఒక అధ్యయనం

తూర్పు తీరంలోని ఒక రిఫైనరీ వాళ్లు మమ్మల్ని అడిగింది పైకి చిన్న పనే. వాక్యూమ్ కాలమ్ అడుగున మిగిలే నల్లటి చిక్కటి సరుకును, అంటే వాక్యూమ్ రెసిడ్యూను, డీజిల్‌గానో నాఫ్తాగానో మార్చే టెక్నాలజీల్లో ఏవి చూడదగ్గవో ఒక నోట్ రాసివ్వాలి. లైసెన్సర్లను, అంటే టెక్నాలజీ హక్కులు అమ్మే కంపెనీలను, పిలిచి మాట్లాడే ముందు వాళ్ల మేనేజ్‌మెంట్ చదువుకోవడానికి. రెసిడ్యూను వేడితో విరగ్గొట్టే కోకర్ యూనిట్‌లో బొగ్గులాంటి పెట్‌కోక్ మిగులుతుంది, దాన్ని నిల్వ పెట్టుకునే చోటు లేదు కాబట్టి కోకర్ వద్దన్నారు. ఇక మిగిలినవి రెండు దారులు, ఎబ్యులేటెడ్ బెడ్ హైడ్రోక్రాకింగ్, స్లరీ హైడ్రోక్రాకింగ్.

ఈ రంగంలో లేనివాళ్ల కోసం రెండు మాటలు. రెండింటిలోనూ రెసిడ్యూను 400 డిగ్రీల పైన, ఎక్కువ ప్రెషర్‌లో, హైడ్రోజన్‌తో కలిపి విరగ్గొడతారు. తేడా క్యాటలిస్ట్ (రసాయన చర్యను వేగం చేసే పదార్థం) దగ్గరుంది. ఎబ్యులేటెడ్ బెడ్‌లో క్యాటలిస్ట్ గుళికలు కింద నుంచి వచ్చే ద్రవం తోపుకి పైకి లేచి, అన్నం ఉడికేటప్పుడు మెతుకులు కదిలినట్టు కదులుతుంటాయి. నూనె బయటికి పోతుంది, గుళికలు లోపలే ఉంటాయి. స్లరీలో క్యాటలిస్ట్ కంటికి ఆనని పొడి, చారులో పసుపులా నూనెతో పాటే ప్రయాణిస్తుంది. నూనె ఎక్కడికి పోతే అదీ అక్కడికే పోతుంది. తర్వాత చెప్పబోయేదంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

నోట్ రాయమనడంతో పాటు వాళ్లు ఒక ఫైలు కూడా ఇచ్చారు. అందులో 14 మ్యాగజైన్ వ్యాసాలున్నాయి. హైడ్రోకార్బన్ ప్రాసెసింగ్, పీటీక్యూ (పెట్రోలియం టెక్నాలజీ క్వార్టర్లీ), ఆయిల్ అండ్ గ్యాస్ జర్నల్, ఇంకా కొన్ని. ఎవరో ఓపిగ్గా పసుపు మార్కర్‌తో గీతలు గీసి పెట్టారు. గీతలన్నీ అంకెల కిందే ఉన్నాయి. ఆ అంకెలు ఏ పరిస్థితుల్లో వచ్చాయో చెప్పే వాక్యాల కింద ఒక్క గీతా లేదు. ఆ ఫైలు తెరిచిన రోజే నాకు ఈ కేసు అసలు పని ఏమిటో తెలిసింది. టెక్నాలజీ ఎంచుకోవడం కన్నా ముందు, మన చేతిలో ఉన్న కాగితాలు ఎంతవరకు నమ్మదగ్గవో తేల్చాలి.

నాకు ఈ పట్టుదల ఎందుకంటే, చాలా ఏళ్ల కిందట నేనే ఇందులో దెబ్బతిన్నాను. అప్పట్లో నేను పనిచేసిన చోట డీజిల్ హైడ్రోట్రీటర్‌లో (హైడ్రోజన్‌తో సల్ఫర్ తీసే యూనిట్) ఎఫ్‌సీసీ అనే క్రాకింగ్ యూనిట్ నుంచి వచ్చే లైట్ సైకిల్ ఆయిల్ కొంత కలపాలనుకున్నాం. ఒక మ్యాగజైన్ వ్యాసంలో హైడ్రోజన్ ఎంత ఖర్చవుతుందో ఉంది, క్యాటలిస్ట్ ఎంతకాలం వస్తుందో ఉంది. ఆ లెక్కలు ఎత్తి నా రిపోర్టులో పెట్టాను. వాళ్ల ఫీడ్‌లో, అంటే యూనిట్‌లోకి పంపే సరుకులో, నైట్రోజన్ ఎంతో వ్యాసంలో లేదు. లేదన్న సంగతి నేను గమనించనే లేదు. మా ఫీడ్‌లో నైట్రోజన్ ఎక్కువ. అది క్యాటలిస్ట్ మీద చురుగ్గా ఉండే చోట్లను పట్టుకుని కూర్చుంటుంది, సల్ఫర్ తీసే పని మందగిస్తుంది, దాన్ని పూడ్చడానికి టెంపరేచర్ పెంచుతూ పోవాల్సి వస్తుంది. అనుకున్న షట్‌డౌన్ తేదీకి చాలా ముందే క్యాటలిస్ట్ దించాల్సి వచ్చింది. ప్రాణాపాయం ఏమీ జరగలేదు. కానీ నా మాట నమ్మి ప్లాన్ వేసుకున్న ఆపరేషన్స్ వాళ్లు ఆ నెలల్లో పడ్డ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ వ్యాసం అబద్ధం చెప్పలేదు. వాళ్ల ఫీడ్‌కు అది నిజమే.

ఒకే గ్రాఫు, మూడు చోట్ల

ఈసారి నాతో పనిచేసింది ఉద్యోగంలో చేరి రెండేళ్లయిన ఒక అమ్మాయి. ప్రతి వ్యాసానికీ ఒక అర పేజీ చీటీ రాయమన్నాను. రాసినవాళ్లకు జీతం ఇచ్చేదెవరు? చెప్పే ఫలితం ప్రయోగాలకు వాడే చిన్న పైలట్ ప్లాంటుదా, అంతకన్నా పెద్ద డెమో ప్లాంటుదా, నడుస్తున్న యూనిట్‌దా? ఫీడ్ ఏమిటి, ఎన్నాళ్లు నడిచాక తీసిన అంకె? శాతం బరువు మీదా, వాల్యూమ్ మీదా? ఇవే ప్రశ్నలు. వ్యాసంలో సమాధానం లేకపోతే ఖాళీగా వదలకుండా "లేదు" అని రాయమన్నాను. ఖాళీ గడి కంటికి ఆనదు, "లేదు" అన్న మాట ఆనుతుంది.

మూడో రోజు తను మూడు ప్రింట్లు తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మూడూ వేర్వేరు మ్యాగజైన్లు, వేర్వేరు సంవత్సరాలు, వేర్వేరు శీర్షికలు. ఒకదాంట్లో గ్రాఫు నీలం గీతతో ఉంది, ఇంకోదాంట్లో ఎర్ర గీత, మూడోదాంట్లో నలుపు. స్కేలు పెట్టి చుక్కల్ని కొలిచి చూపించింది. అన్నీ ఒకే చుక్కలు.

"సార్, ఇవి మూడు సాక్ష్యాలు కావు కదా, ఒకటే కదా?"

"ఒకటేనమ్మా. ఒకే మనిషి మూడుసార్లు చెప్పాడు."

ఆ దృష్టితో మళ్లీ చదివితే ఫైలులోని 14 వ్యాసాలు అయిదు విడి డేటాలకు తగ్గిపోయాయి. ఆ అయిదింటిలో నాలుగు లైసెన్సర్ల నుంచో క్యాటలిస్ట్ కంపెనీల నుంచో వచ్చినవే. ఇందులో మోసం లేదు. ఈ మ్యాగజైన్లు నడిచే తీరే అది. హైడ్రోకార్బన్ ప్రాసెసింగ్ 1922లో మొదలైంది. ఆయిల్ అండ్ గ్యాస్ జర్నల్ ఇంకా పాతది, స్పిండిల్‌టాప్ బావి పొంగిన మరుసటి ఏడాది, 1902లో టెక్సస్‌లోని బోమాంట్‌లో ఆయిల్ ఇన్వెస్టర్స్ జర్నల్ పేరుతో పుట్టింది. ఎప్పటి నుంచో వీటిలో సాంకేతిక వ్యాసాలు రాసేది ఎక్కువగా పరిశ్రమలో వాళ్లే. టెక్నాలజీ గురించి ఎక్కువ తెలిసింది దాన్ని తయారుచేసినవాళ్లకే, అమ్ముకునేదీ వాళ్లే. విశ్వవిద్యాలయ జర్నళ్లలోలా బయటి నిపుణులు వరసగా పరీక్షించాకే అచ్చుకు పోవాలన్న నియమం ఇక్కడ లేదు. ఎడిటర్ చూస్తాడు, భాష సరిచేస్తాడు, మరీ ప్రకటనలా ఉంటే కోస్తాడు. ఆయన దగ్గర యూనిట్ లాగ్‌షీట్లు ఉండవు.

లైసెన్సర్, రిఫైనరీ ఇద్దరి పేర్లూ కలిపి వచ్చే వ్యాసాలు కాస్త మెరుగు. రిఫైనరీ మనిషి సంతకం ఉందంటే అంకె కనీసం ఆ కంట్రోల్ రూమ్ దాటి వచ్చినట్టు. అయితే అవి కూడా రెండు కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లు ప్రతి వాక్యం చూశాకే బయటికొస్తాయి. విఫలమైన రన్ గురించి ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం నా ఉద్యోగ జీవితంలో ఒక్కటీ నా కంటపడలేదు.

కన్వర్షన్ అంటే దేన్ని అంటున్నారు?

ఫైలులో ఎక్కువ గీతలు పడ్డ అంకె ఇదే. స్లరీ వ్యాసాలన్నిట్లో 95 శాతానికి పైన కన్వర్షన్ అని ఉంది. ఎబ్యులేటెడ్ బెడ్ వ్యాసాల్లో అంతకన్నా తక్కువ. రిఫైనరీ వాళ్ల మొదటి అభిప్రాయం దీని మీదే కట్టారు.

కన్వర్షన్ అంటే, ఒక ఉష్ణోగ్రత పైన మరిగే సరుకు ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికొచ్చింది, ఆ తేడా శాతం. ఆ ఉష్ణోగ్రత ఒకరికి 525 డిగ్రీలు, ఇంకొకరికి 540. ఒకరు ఒక్కసారి పంపిన ఫలితం ఇస్తారు, ఇంకొకరు మిగిలిన దాన్ని మళ్లీ మళ్లీ తిప్పి పంపాక వచ్చిన ఫలితం ఇస్తారు. ఇవి ఒక కాలమ్‌లో పక్కపక్కన రాయదగ్గ అంకెలు కావు. ఒక వ్యాసంలో ద్రవ ఉత్పత్తులు 110 వాల్యూమ్ శాతం అని ఉంటే, "వంద దాటి ఎలా వస్తుంది సార్?" అని అడిగింది మా అమ్మాయి. వస్తుంది. నీటికన్నా బరువైన రెసిడ్యూ విరిగి తేలికైన డీజిల్, నాఫ్తా అవుతుంటే పరిమాణం ఉబ్బుతుంది. బరువు లెక్కలో అంత లాభం కనపడదు. అమ్మేవాళ్లు వాల్యూమ్‌లో చెప్పడానికి కారణం అదే.

నన్ను ఆపింది మాత్రం మిగతా 5 శాతం. ఒక కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఏడాదికి 20 లక్షల టన్నుల రెసిడ్యూ పంపే యూనిట్ అనుకుందాం. 5 శాతం అంటే లక్ష టన్నులు, రోజుకు 274 టన్నులు. 20 టన్నుల లారీలు రోజుకు 14. రెసిడ్యూలో నికెల్, వనేడియం కలిపి 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో 200) ఉంటే ఏడాదికి 400 టన్నుల లోహం లోపలికి వస్తుంది. ఎబ్యులేటెడ్ బెడ్‌లో అందులో పెద్ద భాగం క్యాటలిస్ట్ గుళికల మీద పేరుకుని, వాటిని మార్చినప్పుడు బయటికి పోతుంది. స్లరీలో దాదాపు అంతా ఆ చివరి 5 శాతంలోకే చేరుతుంది. అంటే 200 పీపీఎం కాస్తా ఇరవై రెట్లయి 4,000 అవుతుంది. దానికి తోడు క్యాటలిస్ట్ పొడి. ఆ సరుకు మామూలు ఫ్యూయల్ ఆయిల్ కాదు, బాయిలర్‌లో కాల్చాలంటే అందులోని వనేడియం ట్యూబుల్ని తినేస్తుంది. ఎవరు తీసుకుంటారు, ఎంతకు, ఎక్కడికి పంపాలి? 14 వ్యాసాల్లో ఈ ప్రశ్నకు ఒక పేరాకు మించి చోటిచ్చినవి రెండే.

కన్వర్షన్ అంకె తప్పని నేను అనడం లేదు. అది నిజమైనప్పుడే ఈ సమస్య ఇంత గట్టిగా ఉంటుంది. కన్వర్షన్ ఎంత పెరిగితే మిగిలేది అంత మురికిగా ఉంటుంది.

ఒకే యూనిట్‌ను ఏళ్ల తరబడి వెంబడించడం

తర్వాతి పని వ్యాసాలను పక్కనపెట్టి, యూనిట్లను పట్టుకోవడం. ఒక్కో యూనిట్‌కు ఒక కాగితం, పైనుంచి కిందికి సంవత్సరాలు. ఆ యూనిట్ గురించి ఏ ఏడాది ఎవరేం రాశారో అందులోకి ఎక్కించాం.

ఇటలీ కంపెనీ ఎని తయారుచేసిన స్లరీ టెక్నాలజీ ఇందుకు మంచి ఉదాహరణ. మాలిబ్డినం ఆధారంగా ఉండే, నూనెలో కరిగే పదార్థాన్ని ఫీడ్‌లో కలుపుతారు, లోపల అది అతి సన్నని మాలిబ్డినం సల్ఫైడ్ రేకులుగా మారుతుంది. టరాంటో రిఫైనరీలో రోజుకు 1,200 బ్యారెళ్ల డెమో ప్లాంటు 2005లో మొదలైంది. తర్వాత పావియా దగ్గరి సన్నజ్జారో రిఫైనరీలో రోజుకు 23,000 బ్యారెళ్ల యూనిట్ 2013లో నడకలోకి వచ్చింది. ఒక్క అడుగులో 19 రెట్లు. 2016 డిసెంబర్ 1న ఆ యూనిట్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ప్రాణనష్టం జరగలేదు.

ఈ తేదీలు ఒక కాగితం మీద వరసగా రాసుకుని ఫైలు చూస్తే, అందులోని స్లరీ వ్యాసాల్లో చాలా వరకు డెమో ప్లాంటు రోజులవో, కొత్త యూనిట్ మొదలైన తొలి రోజులవో అని తేలింది. 2014లో అచ్చయిన వ్యాసం 2014లోనే ఆగిపోతుంది. రెండేళ్ల తర్వాత ఆ యూనిట్‌కు ఏం జరిగిందో ఆ పేజీ అంచున ఎవరూ వచ్చి రాసిపోరు. పసుపు మార్కర్ పట్టుకున్న మనిషికి ఆ పేజీ ఇవాళ రాసినట్టే కనపడుతుంది.

ఇక్కడ మేం ఒక జాగ్రత్త తీసుకున్నాం. మంట వచ్చింది కాబట్టి రసాయనం పనిచేయదని రాయలేదు. అది పైపు సంగతి కావచ్చు, వెల్డ్ సంగతి కావచ్చు, ఆపరేషన్ సంగతి కావచ్చు, ప్రాసెస్‌తో సంబంధం లేకుండా ఏ హై ప్రెషర్ యూనిట్‌లోనైనా జరగవచ్చు. నోట్‌లో ఒక్క వాక్యం రాశాం: పరిశీలిస్తున్న సైజులో నడిచిన అనుభవం తక్కువ, ఆ తక్కువలోనూ అంతరాయం ఉంది, కాబట్టి ప్రమాదం తర్వాతి రన్ డేటా అడగాలి.

ఎబ్యులేటెడ్ బెడ్ కాగితం దీనికి పూర్తిగా వేరు. 1960ల నుంచి నడుస్తున్న టెక్నాలజీ, చాలా యూనిట్లు, చాలా మచ్చలు. మన దగ్గర కూడా విశాఖ రిఫైనరీని ఏడాదికి 83.3 లక్షల టన్నుల నుంచి 1.5 కోట్ల టన్నులకు పెంచే ప్రాజెక్టులో హెచ్‌పీసీఎల్ రెసిడ్యూకు ఎల్‌సీ మ్యాక్స్‌ను ఎంచుకుంది. అది ఎబ్యులేటెడ్ బెడ్‌కు సాల్వెంట్ డీఆస్ఫాల్టింగ్‌ను (ద్రావకంతో తారులాంటి భాగాన్ని వేరుచేయడం) జోడించిన పద్ధతి, సామర్థ్యం ఏడాదికి 35.5 లక్షల టన్నులు. ఈ టెక్నాలజీ అసలు జబ్బు సెడిమెంట్. కన్వర్షన్ పెంచే కొద్దీ ఆస్ఫాల్టీన్లు అనే బరువైన అణువులు నూనెలో కరిగి ఉండలేక విడిపోయి, ఉత్పత్తుల్ని విడదీసే ఫ్రాక్షనేటర్ అడుగున, వేడిని అటూ ఇటూ మార్చే ఎక్స్‌ఛేంజర్ల ట్యూబుల్లో తారులా పేరుకుంటాయి. అందుకే రిఫైనరీలు సాధించగలిగిన కన్వర్షన్‌కు కాస్త కిందే నడుపుకుంటాయి.

నాతో ఒకప్పుడు షిఫ్టుల్లో పనిచేసిన ఒకతను ఇప్పుడు గల్ఫ్‌లో ఇలాంటి యూనిట్ దగ్గరున్నాడు. వాళ్ల యూనిట్ గురించి వచ్చిన వ్యాసం పంపి, నిజమేనా అని అడిగాను. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "అంకెలు నిజమే గురువుగారూ. ఎక్స్‌ఛేంజర్లు ఎన్నిసార్లు విప్పామో అది అందులో లేదు, అంతే."

మ్యాగజైన్లు నిజంగా ఉపయోగపడ్డ చోటు

ఇంతా చెప్పాక, మ్యాగజైన్లు పక్కన పడేయమని ఎవరైనా అర్థం చేసుకుంటే నాకు బాధే. ఈ నోట్‌లో అన్నిటికన్నా విలువైన సమాచారం మాకు వాటిలోనే దొరికింది. పెద్ద వ్యాసాల్లో కాదు, పీటీక్యూలో ముందు పేజీల్లో వచ్చే ప్రశ్నలు జవాబుల శీర్షికలో. ఒక రిఫైనరీ మనిషి తన యూనిట్ బాధ అడుగుతాడు, నాలుగైదు కంపెనీల వాళ్లు జవాబులిస్తారు. జవాబుల్లో అమ్మకం ఉంటుంది. ప్రశ్నలో ఉండదు. సెడిమెంట్ గురించి ఎవరూ వ్యాసం రాయకపోవచ్చు, కానీ ఫ్రాక్షనేటర్ బాటమ్స్ ఎక్స్‌ఛేంజర్లు తరచూ పూడుతున్నాయి, ఏం చేయాలి అని పదే పదే అడుగుతుంటే ఆ జబ్బు ఎంత సాధారణమో తెలుస్తుంది. మేం ప్రశ్నల్ని మాత్రమే విడిగా కాపీ చేసుకుని చదివాం. అది చేసిన రోజు నుంచి నోట్ రూపే మారింది.

మన దేశంలో సెంటర్ ఫర్ హై టెక్నాలజీ నడిపే రిఫైనరీ సదస్సుల పేపర్లూ అలాగే పనికొచ్చాయి. అక్కడ రాసేవాళ్లలో యూనిట్ నడిపేవాళ్లు ఎక్కువ, ఫీడ్ కూడా మనం కొనే క్రూడ్ లాంటిదే.

ఇక మ్యాగజైన్ కింద, స్టాండర్డ్ పైన అని ఒక మెట్లవరస మనసులో ఉంటుంది. దాన్నీ గుడ్డిగా పట్టుకోకూడదని చెప్పే కథ ఒకటి ఉంది, మా అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పాను. రిఫైనరీల్లో ఇద్దరు నెల్సన్లు ఉన్నారు. ఒకరు విల్బర్ నెల్సన్. రిఫైనరీ ఎంత సంక్లిష్టమైనదో కొలిచే నెల్సన్ ఇండెక్స్‌ను ఆయన 1960లో ఆయిల్ అండ్ గ్యాస్ జర్నల్‌లోనే పరిచయం చేశారు. మ్యాగజైన్ వ్యాసాల్లో పుట్టిన కొలత ఇవాళ ప్రతి కంపెనీ వార్షిక నివేదికలో కనపడుతుంది. రెండో ఆయన జార్జ్ నెల్సన్. వేడి హైడ్రోజన్‌లో ఏ ఉక్కు ఎంతవరకు తట్టుకుంటుందో చూపే వక్రరేఖలు 1949లో ఆయన గీసినవే. అవి తర్వాత అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ స్టాండర్డ్ ఏపీఐ 941 అయ్యాయి. స్టాండర్డ్ కాబట్టి వాటిని ఎవరూ ప్రశ్నించరు.

2010 ఏప్రిల్ 2న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, అనకోర్టెస్‌లో టెసోరో రిఫైనరీ నాఫ్తా హైడ్రోట్రీటర్‌లో పూడిపోయిన ఎక్స్‌ఛేంజర్లను శుభ్రం చేసి తిరిగి సర్వీస్‌లోకి తెస్తున్నారు. ఆ సమయంలో పక్క వరసలోని ఎక్స్‌ఛేంజర్ పగిలింది. ఏడుగురు చనిపోయారు. దశాబ్దాలుగా హైడ్రోజన్ లోపల్లోపల కార్బన్ స్టీలును గుల్ల చేసింది. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డ్ 2014 నివేదికలో తేల్చిందేమిటంటే, లెక్క ప్రకారం ఆ చోటు నెల్సన్ రేఖకు కిందే, అంటే క్షేమం అనుకునే వైపే, నడిచి ఉంటుంది. ఆ రేఖ గీసిన డేటా కంపెనీలు తమంతట తాము చెప్పినవి, అప్పటి నిజమైన టెంపరేచర్, ప్రెషర్ సరిగ్గా తెలియనివి కూడా అందులో ఉన్నాయి. 2016లో స్టాండర్డ్‌లో కొత్త రేఖ చేర్చారు. మనం చూస్తున్న రెండు టెక్నాలజీలూ వేడి హైడ్రోజన్‌లో నడిచేవే. మా నోట్‌లో మెటలర్జీ పేరాకు ఆధారంగా ఈ నివేదికను పెట్టాం, మ్యాగజైన్ వ్యాసాన్నీ కాదు, స్టాండర్డ్ పాత ఎడిషన్‌నూ కాదు.

నోట్ ఎలా వెళ్లింది

రెండు టెక్నాలజీలను మార్కులేసి పోల్చే పట్టిక కావాలని అడిగారు. అంకెల పక్కన ఆ అంకె ఎక్కడిదో ఇంకో కాలమ్ పెట్టి ఇచ్చాం: నడుస్తున్న యూనిట్, డెమో ప్లాంటు, పైలట్, లైసెన్సర్ మాట. పక్కపక్కన రాయలేని కన్వర్షన్ అంకెలను అసలు పట్టికలోనే పెట్టలేదు. అందుకు కాస్త అసంతృప్తి వచ్చింది. బదులుగా లైసెన్సర్లను అడగాల్సిన ప్రశ్నలు జతచేశాం. 540 డిగ్రీల మీద, బరువు లెక్కలో, మా ఫీడ్‌కు కన్వర్షన్ ఎంత? గత మూడేళ్లలో ఏ యూనిట్ ఎన్ని రోజులు ఆగింది, ఎందుకు? ఎక్స్‌ఛేంజర్లు ఎన్నాళ్లకొకసారి విప్పుతున్నారు? చివరి సరుకు ఇవాళ ఎక్కడికి పోతోంది, దాన్ని తీసుకునేవాళ్లతో మేం మాట్లాడొచ్చా?

మీటింగ్‌లో ఆపరేషన్స్ పెద్దాయన పట్టిక చూడలేదు. నేరుగా ప్రశ్నల పేజీ తిప్పి, చివరి ప్రశ్న దగ్గర పెన్ను ఆపారు. "రోజుకు 14 లారీలా?" అని అడిగి, మార్జిన్‌లో వాళ్ల గేటు నుంచి హైవేకు ఉన్న దారి గీసుకోవడం మొదలుపెట్టారు.